పెట్టె నంబరు కనపడాలి

ఒక రచయితవో ఉద్యమకారుడివో కాగితాలు విశ్వవిద్యాలయానికి చేరితే, ఆర్కైవ్స్ వాళ్లు వాటిని సర్ది ఏ పెట్టెలో ఏ ఫోల్డరులో ఏముందో రాసిపెడతారు. దాన్నే ఫైండింగ్ ఎయిడ్ అంటారు. కంప్యూటరుకు అర్థమయ్యే గుర్తులతో దాన్ని రాసే పద్ధతి ఈఏడీ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ గ్రంథాలయంలో 1993లో డేనియల్ పిట్టీ ఆధ్వర్యంలో మొదలైన ప్రయత్నం ఇది. 1998లో తొలి రూపం, 2002లో మలి రూపం, 2015లో ఈఏడీ3 వచ్చాయి. ఆ ఫైలును మనుషులు చదువుకునే పేజీగా మార్చేది స్టైల్‌షీట్. అమెరికా ఆర్కైవ్స్‌లో నా ఉద్యోగమంతా ఎక్కువగా ఈ పనిమీదే గడిచింది. ఇప్పుడు ఇందులోకి వస్తున్న మన పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. మొదట చూడాల్సింది పెట్టె నంబరు

పరిశోధకుడు చివరికి రీడింగ్ రూములో ఒక స్లిప్పు నింపాలి. సేకరణ పేరు, పెట్టె, ఫోల్డరు. మీ పేజీ ఎంత అందంగా ఉన్నా ఆ మూడూ దొరక్కపోతే అతనికి ఒరిగేదేమీ లేదు.

చిక్కు ఎక్కడుందంటే, చాలా ఫైళ్లలో ‘పెట్టె 4’ అని మొదటి ఫోల్డరు దగ్గర ఒక్కసారే రాస్తారు. కింద వరసగా ఫోల్డరు నంబర్లే ఉంటాయి. కాగితం మీద ఇబ్బంది లేదు, కన్ను దానంతటదే పైకి పోతుంది. గూగుల్‌లో వెతికి నేరుగా పేజీ మధ్యలో వచ్చి పడ్డవాడికి పైన ఏముందో తెలియదు. అందుకని స్టైల్‌షీట్ ప్రతి వరుస దగ్గరా వెనక్కి చూసి, అన్నిటికన్నా దగ్గరున్న పెట్టె నంబరు తెచ్చి అక్కడ ముద్రించాలి.

శీర్షికలకూ ఇదే మాట. ‘ఉత్తరాలు, 1914’ అని ఒంటరిగా కనిపిస్తే అవి ఎవరి ఉత్తరాలు? పై అంతస్తులో చెప్పింది కింద మళ్లీ చెప్పొద్దన్నది ఐఎస్ఏడీ(జీ) అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన నియమం. వివరాలు రాసేవాళ్లకు అది మంచి నియమమే. పేజీ చూపించేటప్పుడు మాత్రం సేకరణ, సిరీస్, సబ్‌సిరీస్ పేర్లు ఆ వరుస పక్కనే అందుబాటులో ఉండాలి. నన్నడిగితే స్టైల్‌షీట్ పనిలో సగం ఇదే.

2. ఆంక్షలు పైనే చెప్పండి

ఏ కాగితాలు ఇంకా తెరవలేదో, వేటికి ముందస్తు అనుమతి కావాలో పేజీ అడుగున పెట్టే అలవాటు నాకు అసలు నచ్చదు. హైదరాబాదు నుంచి అప్పుచేసి టికెట్టు కొనుక్కుని వచ్చే పరిశోధక విద్యార్థిని తలచుకోండి. ఆ సంగతి ఆమెకు ఊళ్లో ఉండగానే తెలియాలి. ఒక సిరీస్‌కే ఆంక్ష ఉంటే ఆ సిరీస్ పేరు కిందా మళ్లీ కనపడాలి.

3. పొడుగు పేజీకి భయపడొద్దు

పెద్ద సేకరణల పట్టికను ముక్కలుగా కోసి ఇరవై పేజీలు చేయమని డిజైనర్లు అడుగుతారు. ఒప్పుకోకండి. పాఠకులు చేసే మొదటి పని కంట్రోల్-ఎఫ్ నొక్కి ఒక పేరు వెతకడం. ముక్కలు చేస్తే ఆ వెతుకులాట ఒక్క ముక్కలోనే ఆగిపోతుంది. మడిచిపెట్టే సిరీస్‌లతోనూ జాగ్రత్త, మామూలు పద్ధతిలో దాచిన పాఠం బ్రౌజరు వెతుకులాటకు దొరకదు. పక్కన ఒక విషయసూచిక పెట్టి, మొత్తం పట్టికను తెరిచే ఉంచండి.

4. డేటాలోని తప్పును స్టైల్‌షీట్‌లో కప్పెట్టకండి

ఈఏడీ 2002లో తేదీని శీర్షిక లోపలా పెట్టొచ్చు, పక్కనా పెట్టొచ్చు. రెండూ సరైనవే కాబట్టి రెండింటికీ కామా సరిగ్గా పడేలా చూడటం మీ బాధ్యత. తేదీ తప్పుగా టైపు చేసి ఉందనుకోండి, అది వేరే సంగతి. దాన్ని స్టైల్‌షీట్‌లో సరిచేస్తే మీ వెబ్‌సైట్లో మాత్రమే సరవుతుంది. అదే ఫైలు ఆన్‌లైన్ ఆర్కైవ్ ఆఫ్ కాలిఫోర్నియా లాంటి ఉమ్మడి పోర్టల్‌కు వెళ్లినప్పుడు తప్పు తప్పుగానే వెళ్తుంది. ఫైలు రాసినవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని అక్కడే దిద్దించండి.

5. పేజీ అంతా ఒకే ముద్దగా వస్తే

ముందు నేమ్‌స్పేస్ చూడండి, అంటే ట్యాగులు ఏ పదజాలానివో చెప్పే గుర్తు. పాత డీటీడీ నియమాలతో రాసిన ఫైళ్లకు నేమ్‌స్పేస్ ఉండదు, స్కీమా నియమాలతో రాసినవాటికి ఉంటుంది. ఒకదానికోసం స్టైల్‌షీట్‌లో రాసిన టెంప్లేట్లు రెండోదానికి తగలవు. అప్పుడు స్టైల్‌షీట్ రాసే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తన సొంత నియమంతో అక్షరాలన్నీ వరసగా పారబోస్తుంది. పదాలు అతుక్కుపోతే మాత్రం ఖాళీలను తీసేయమన్న ఆదేశం ఎక్కడుందో వెతకండి.

6. దాగివున్న పేర్లను బయటికి తేవాలి

స్వాతంత్ర్యోద్యమ కాలపు గదర్ పార్టీలో పనిచేసిన దరిశి చెంచయ్య పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆలోచించండి. ఉత్తరం మీద ఒక వర్ణక్రమం, పోలీసు రికార్డులో ఇంకొకటి ఉండవచ్చు. ఈఏడీలో పేరు పక్కన ‘నార్మల్’ అనే యాట్రిబ్యూట్‌లో ప్రామాణిక రూపం రాసుకునే వీలుంది. కానీ యాట్రిబ్యూట్‌లో ఉన్నది మనం పనిగట్టుకుని తెస్తే తప్ప పేజీ మీదికి రాదు. వివరాలు రాసిన మనిషి ఎంతో ఓపికగా వెతికి పట్టుకున్న రూపం అది. దాన్ని వదిలేస్తే మన తాతల పేర్లు మనకే దొరకవు. పేజీలో కనపడేలా, వెతికితే తగిలేలా పెట్టండి.

7. తెలుగు ఉన్నచోట

ఈఏడీ3లో ప్రతి ఎలిమెంటుకూ భాష, లిపి చెప్పవచ్చు. అక్కడ తెలుగు కోడ్ సాధారణంగా ‘టీ-ఈ-ఎల్’ అని మూడక్షరాలు, హెచ్‌టీఎంఎల్‌కు కావలసింది ‘టీ-ఈ’ అని రెండే. ఆ మార్పు స్టైల్‌షీటే చేయాలి. లేకపోతే అంధులు వాడే స్క్రీన్ రీడర్ తెలుగును తెలుగుగా గుర్తుపట్టకపోవచ్చు.

వరుసల మధ్య ఎడం కూడా చూసుకోవాలి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో ‘శాస్త్రి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల కింది ఒత్తులు పక్క వరుసను తాకుతాయి, కొన్నిచోట్ల తెగిపోతాయి కూడా. పుస్తకాల పేర్లకు ఇటాలిక్స్ పెట్టమని ఫైలులో ఉంటుంది. తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే చదవడం కష్టం. కొటేషన్ గుర్తులు పెట్టండి, చాలు.

8. ప్రింటుకు వేరే నియమాలు రాయండి

రీడింగ్ రూముకు కాగితం పట్టుకొచ్చేవాళ్లు ఇంకా చాలామంది. మెనూలు, బొమ్మలు తీసేయండి. ఫోల్డరు వరుస రెండు పేజీల మధ్య విరగకుండా చూడండి. ప్రతి పేజీ మీదా సేకరణ పేరు, నంబరు పడాలి. పెన్సిలుతో రాసుకోవడానికి కుడివైపు కాస్త ఖాళీ వదలండి.