లిఫ్టు సామాను మార్చేముందు కొలత చూడండి

తొలకరి దుక్కులకు ముందు పాత ట్రాక్టరు బాగుచేయించుకునే రైతులు లిఫ్టు సామాను కోసం సికింద్రాబాదు రాణీగంజ్ కొట్లకు వస్తుంటారు. తమ మోడలుది దొరక్కపోతే "దానికీ దీనికీ ఒకటే, పట్టుకెళ్ళు" అన్న మాట వినబడుతుంది. అందులో సగమే నిజం.

నిజమైన సగం పనిముట్టు వైపుది. నాగలి, గొర్రు తగిలించే పిన్నుల కొలతలు అన్ని కంపెనీలకూ ఖాయమై ఉన్నాయి. మొదటి కేటగిరీలో కింది లింకుల పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకుది 19. రెండో కేటగిరీలో 28, 25. అందుకే పక్క రైతు గొర్రు మన బండికీ పడుతుంది.

ట్రాక్టరు వైపు సంగతి వేరు. మాసీ 1035 ఫెర్గూసన్ వంశం, మహీంద్రా బి-275 ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వంశం. శక్తి దగ్గర దగ్గరే అయినా లింకు పొడవు, లిఫ్టు రాడ్డు తగిలే రంధ్రం ఒకచోటే ఉంటాయని అనుకోకూడదు. లింకు పొడవైతే పనిముట్టు వెనక్కి జరుగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. ఒకవైపే మారిస్తే గొర్రు వంకరగా నడుస్తుంది. కాబట్టి పాత లింకు వెంట తీసుకెళ్ళండి. విరిగిపోయి ఉంటే ముక్కలు నేలమీద కలిపి, రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకు కొలవండి. వేరే మోడలుది వేయక తప్పకపోతే జతగా కొనండి.

ఫెర్గూసన్ రకంలో టాప్ లింకు వట్టి కడ్డీ కాదు. నాగలి లోతుకు దిగి బరువెక్కితే అది ముందుకు తోసి స్ప్రింగును నొక్కుతుంది, లిఫ్టు కాస్త లేస్తుంది. అక్కడ గట్టి స్ప్రింగు పడితే నాగలి దిగబడి ఇంజను మూలుగుతుంది. స్ప్రింగు మాత్రం ఆ మోడలుదే వేయాలి.

లావు పిన్నును లేత్ మీద చెక్కించడం చాలామంది చేసే పని. 28 పిన్నును 22 చేస్తే నూటికి 38 పాళ్ళ ఇనుము పోతుంది, బలమూ తగ్గుతుంది. సన్న పిన్ను లావు బాలులో ఆడుతుంటే బుష్ వేస్తే చాలు, ఖర్చూ తక్కువే.

లింకు విరిగిందని గొలుసును టాప్ లింకు బ్రాకెట్టుకు కట్టి లాగొద్దు. పట్టు ఎత్తులో ఉంటే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది, నడిపేవాడు కిందపడతాడు. లాగుడు కింది హుక్కు నుంచే. కొత్త సామాను బిగించాక ఖాళీ లిఫ్టును నాలుగుసార్లు ఎత్తిదించి, లింకులు టైర్లకు తగలడం లేదని చూసుకున్నాకే పనిముట్టు తగిలించండి.