ఇస్నాపూర్ గది నుంచి అల్ కూజ్ క్యాంపు దాకా

సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల్లో పనిచేసి దుబాయ్‌కి బయలుదేరే తమ్ముళ్లకు

తమ్ముడూ, వీసా సంగతి ఏజెంటు చెబుతాడు. పని సంగతి ఫోర్‌మన్ చెబుతాడు. డ్యూటీ దిగాక సాయంత్రం ఎట్లా గడపాలో, సెలవు రోజున ఎక్కడికి పోవాలో, మనసు బాగాలేనప్పుడు ఎవరి తలుపు తట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. గల్ఫ్ నుంచి మధ్యలోనే తిరిగొచ్చేవాళ్లలో పని బరువై వచ్చినవాళ్లు కొందరుంటే, పొద్దు పోక వచ్చినవాళ్లు కూడా ఉంటారు. ఈ నాలుగు మాటలు ఆ రెండో రకం కష్టం గురించి.

పొలం పని నుంచి నేరుగా విమానం ఎక్కేవాడి కంటే నీకు కొంత నయం. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు నీకు కొత్త కాదు. కంపెనీ బస్సు కోసం ముత్తంగి దగ్గర చీకట్లో నిలబడ్డావు, సేఫ్టీ షూతో పన్నెండు గంటలు నడిచావు. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటుంది. ఇస్నాపూర్, రుద్రారం, పాశమైలారంలో గదికి ఆరుగురు చొప్పున ఉండే ఒడిశా, బీహార్ కుర్రాళ్లను రోజూ చూశావు. భాష రాని ఊళ్లో వాళ్లు వంతులవారీగా వండుకుంటారు. ఆదివారం ఖాళీ ప్లాట్లలో క్రికెట్ ఆడతారు, రాత్రయితే మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తారు. రేపు దుబాయ్‌లో నువ్వు చేయాల్సింది అచ్చంగా అదే. పోయే ముందు వాళ్లతో ఓ సాయంత్రం కూర్చో, వాళ్లకు మొదటి నెల ఎట్లా గడిచిందో అడుగు. ఏ ఏజెంటూ ఇవ్వని శిక్షణ అక్కడే దొరుకుతుంది.

బయలుదేరే ముందు

పది పాస్ కాకపోతే నీ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది. అప్పుడు ఈ-మైగ్రేట్‌లో నమోదు, ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. హైదరాబాద్‌లో దీనికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే అనుమానించు. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే 10 లక్షలు ఇస్తారు. విజిట్ వీసా మీద వచ్చి పని వెతుక్కుందామనే సలహా ఎవరిచ్చినా వినకు. ఆ దారిలో వచ్చి గడువు దాటితే కల్లివెల్లి, అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడివి, అయిపోతావు. దొరికితే జరిమానా, జైలు. దొరకకపోతే దాక్కుంటూ బతకడం.

ఇక సంచి. మామిడికాయ పచ్చడి, చింతపండు, కారం గట్టిగా ప్యాక్ చేసి తెచ్చుకో. అమ్మ సకినాలు కడితే వద్దనకు, మొదటి రోజు గదిలో స్నేహం కలిపేది అవే. గసగసాలు మాత్రం చిటికెడు కూడా వద్దు. మటన్ మసాలాలో కలిసి ఉన్నా సరే, ఎమిరేట్స్ చట్టంలో అది మాదకద్రవ్యం కిందికి వస్తుంది. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవాడివైతే డాక్టర్ చీటీ ఉండాలి. వాటిలోనూ కొన్నింటికి ముందస్తు అనుమతి కావాలి.

బయలుదేరే ముందు ఇంట్లో ఇంకో పని ఉంది. దుబాయ్‌లో వాట్సాప్‌లో మెసేజ్‌లు పోతాయి గానీ కాల్ కలవదు. ఇక్కడ అనుమతి ఉన్న బాటిమ్ లాంటి యాప్‌ను అమ్మ ఫోన్లో వేసి, ఎట్లా ఎత్తాలో నేర్పించి రా. దుబాయ్ టైము మన ఊరి టైము కంటే గంటన్నర వెనక. రాత్రి వంట, స్నానం అయ్యి తొమ్మిదిన్నరకు ఫోన్ పట్టుకుంటే ఇంట్లో పదకొండు. అందుకే చాలామంది పొద్దున్నే బస్సు ఎక్కే ముందు మాట్లాడతారు. ఇక్కడ ఐదు గంటలంటే అక్కడ ఆరున్నర, అమ్మ చాయ్ పెట్టే వేళ.

మొదటి వారం

క్యాంపు అల్ కూజ్‌లోనో, జెబెల్ అలీలోనో, మనోళ్లు సోనాపూర్ అని పిలిచే ముహైస్నా-2లోనో ఉంటుంది. మొదటి రాత్రి నిద్ర పట్టదు. అందరికీ అంతే.

భాష గురించి భయం వద్దు. క్యాంపుల్లో నడిచేది హిందీ, ఉర్దూ. పటాన్‌చెరు బస్టాండులో, సంగారెడ్డి హోటళ్లలో విన్న మన దక్కనీ ఇక్కడ బాగా పనికొస్తుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ వాళ్లతో మాట కలపడానికి అది చాలు. కిరాణా కొట్టు, హోటల్ చాలాచోట్ల మలయాళీలవి. రెండు మలయాళం ముక్కలు నేర్చుకుంటే కూరలో ముక్క అదనంగా పడుతుంది.

ఎమిరేట్స్ ఐడీ చేతికొచ్చాక దాన్ని ఎప్పుడూ జేబులో ఉంచు. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి, కంపెనీ దాన్ని పట్టి ఉంచుకోవడానికి 2021 కార్మిక చట్టం ఒప్పుకోదు. అదే చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మామూలు పని. వారానికి కనీసం ఒక రోజు సెలవు. ఓటీకి మూల వేతనం మీద 25 శాతం అదనం. రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు కాబట్టి ఒప్పందంలో ఏం రాశారో ముందే చదువుకో. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో ఆరుబయట పని నిషేధం.

గది, మెస్, దోస్తులు

గదిలో నీకు దక్కేది ఒక మంచం, ఒక అల్మరా. ఆ కొంచెం చోటులో కలహాలన్నీ చిన్న విషయాల మీదే వస్తాయి. ఏసీ ఎంత పెట్టాలి, సీ షిఫ్టు వాడు పడుకున్నప్పుడు లైటు వేయొచ్చా, ఫోన్లో పాటలు ఎంత గట్టిగా వినాలి. మొదటి వారంలోనే అందరూ కూర్చుని తేల్చుకుంటే గొడవ ఉండదు. ఇయర్‌ఫోన్ కొనుక్కో, దానికి పెట్టిన డబ్బు గది శాంతికి పెట్టినట్టే.

మెస్‌లో చేరడానికి ఆలస్యం చేయకు. నలుగురైదుగురు కలిసి బియ్యం, పప్పు, నూనె నెలకోసారి తెచ్చుకుని వంతులవారీగా వండుకుంటే ఖర్చు తగ్గుతుంది. వంటింట్లో నిలబడి ఉల్లిగడ్డ కోస్తూ చెప్పుకునే మాటలు మంచాల మీద పడుకుని చెప్పుకోలేం. వంట రాదని గిన్నెలు తోమే పనికే పరిమితం కావద్దు. పప్పుచారు, కోడికూర, టమాట పచ్చడి వస్తే చాలు, నీ వంతు రోజు కోసం గది ఎదురుచూస్తుంది. జహీరాబాద్ వైపు నుంచి వచ్చినవాడు ఒక్కడుంటే అదృష్టం, జొన్నరొట్టె తట్టగల చేయి దొరికినట్టే. గదిలో దొంగచాటుగా హీటర్ మీద వండొద్దు. క్యాంపులకు నిప్పు అంటుకునేది అట్లాగే.

తెలుగువాళ్లతో మాత్రమే తిరుగుతానంటే తెలుగు గది వరకే నీ లోకం. జగిత్యాల అన్న, కడప తమ్ముడు తప్పకుండా కావాలి. వాళ్లతో పాటు పక్క మంచం పెషావర్ డ్రైవర్, కింది అంతస్తు నేపాలీ సెక్యూరిటీ కూడా కావాలి. ఏ కంపెనీలో ఖాళీ ఉందో, ఏ క్లినిక్‌లో డాక్టర్ మంచివాడో ముందు తెలిసేది వాళ్లకే.

స్నేహమంటే సరదా ఒక్కటే కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా కంపెనీ పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి బతకొచ్చినవాళ్లు. కొందరిని గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్ష చేయాల్సి వచ్చింది, ఇంటివాళ్లు రోజుల తరబడి పడిగాపులు కాశారు. ఆ రోజు మన ఊరు చూసిన దాన్ని పరాయి దేశంలో మరవకు. గదిలో ఇద్దరి దగ్గర నీ ఇంటి నంబరు, పాస్‌పోర్టు నకలు ఉండాలి. వాళ్లవి నీ దగ్గర ఉండాలి. డ్యూటీకి పోయినవాడు వేళకు రాకపోతే ఫోన్ చేసి అడిగే మనిషి ఒక్కడైనా ఉండాలి.

సెలవు రోజు సాహసాలు

ఊళ్లో ఉన్నప్పుడు సింగూరు డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిస్తే బండి మీద ముగ్గురు ఎక్కి పోయేవాళ్లం. మంజీరలో మొసళ్లు కనబడతాయేమోనని ఒడ్డున కూర్చునేవాళ్లం. ఆ తిరుగుళ్లకు డబ్బు పెద్దగా అయ్యేది కాదు. దుబాయ్‌లోనూ అంతే, డబ్బున్నవాళ్లకే ఈ ఊరనుకుని క్యాంపులో పడుకుండిపోతే నీకే నష్టం.

ముందు మెట్రో, బస్సు ఎక్కడానికి నోల్ కార్డు కొను. సిల్వర్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 ప్రయాణానికే వాడుకోవచ్చు. 2009లో మొదలైన మెట్రో రెడ్ లైన్‌లో డ్రైవర్ ఉండడు. ముందు అద్దం దగ్గర చోటు దొరికితే ఊరంతా కళ్ల ముందు పరుచుకుంటుంది. అయితే గులాబీ గుర్తు ఉన్న పెట్టె ఆడవాళ్లది, పొరపాటున ఎక్కినా జరిమానా తప్పదు. మెట్రోలో తినడం, నీళ్లు తాగడం కూడా నిషేధమే.

బర్ దుబాయ్ నుంచి దేరాకు క్రీక్ దాటడానికి ఆబ్రా అనే చెక్క పడవ ఉంది. ఒక్క దిర్హాముకే సాయంత్రపు గాలి, నీళ్ల మీద ఊగే దీపాలు, గల్లాపెట్టె లెక్కపెట్టే పడవవాడి కబుర్లు. దిగాక గోల్డ్ సూక్ అనే బంగారు బజారు చూడు. చెల్లెలి పెళ్లికి ఏం కొనాలో అద్దాల బయట నిలబడి ఎంపిక చేసుకోవడానికి ఎవరూ డబ్బు అడగరు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కడానికి టికెట్టు ఉంది గానీ, కింద నీటి ఫౌంటెన్ ఆట చూడటం ఉచితం. 2021 అక్టోబర్‌లో ఆ బుర్జ్ మీదే మన బతుకమ్మ వెలిగింది. ఫోటో దిగి అమ్మకు పంపేటప్పుడు ఆ మాట కూడా చెప్పు.

జుమేరా తీరంలో సముద్రం ఉచితం. సంగారెడ్డి జిల్లా పిల్లలకు సముద్రం సినిమాలో చూసిందే కదా, మొదటిసారి కాళ్లు తడిపినప్పుడు సిగ్గుపడకుండా గంతులెయ్. ఒడ్డున ఆడవాళ్ల వైపు మాత్రం కెమెరా తిప్పకు. తిరుగుళ్లన్నీ అక్టోబర్ నుంచి మార్చి మధ్య పెట్టుకో. జులై, ఆగస్టు ఎండలో మధ్యాహ్నం బయటికి రావద్దు.

దేవుడి దగ్గరికి పోవాలనిపిస్తే జెబెల్ అలీలో 2022 దసరాకు తెరిచిన హిందూ గుడి ఉంది. పక్కనే చర్చిలు, గురుద్వారా. ఊద్ మేథాలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. మసీదు కోసం వెతకాల్సిన పనే లేదు.

ఊళ్లో చెల్లేవి, ఇక్కడ చెల్లనివి

వినాయక చవితి వస్తే రసీదు పుస్తకం పట్టుకుని వీధంతా తిరిగే అలవాటు మనది. ఇక్కడ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. జబ్బు పడ్డ దోస్తు కోసమైనా వాట్సాప్ గ్రూపులో ఖాతా నంబరు పెట్టి డబ్బు అడగొద్దు. కాన్సులేట్ ద్వారా, గుర్తింపు ఉన్న సంస్థల ద్వారా సాయం అడిగే దారి ఉంది.

గుర్తు లేనిచోట రోడ్డు దాటితే 400 దిర్హాముల జరిమానా. వాహనాలు కుడివైపు నడుస్తాయి కాబట్టి దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడు. ఎవరి ఫోటో అయినా అడక్కుండా తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం, మెసేజ్‌లో బూతులు తిట్టడం కేసుల దాకా పోతాయి. పాన్ తేవొద్దు, నమలొద్దు. మందు లైసెన్సున్న చోటే, 21 నిండినవాళ్లకే; తాగి రోడ్డు మీద తిరిగితే పోలీస్ స్టేషన్. షార్జాలో మందు మాటే లేదు. రంజాన్ నెలలో పగటిపూట ఉపవాసం ఉన్నవాళ్ల ఎదుట తినకు, తాగకు.

నీ కోసం కొంచెం

జీతం పడగానే ఇంటికి పంపు, పంపేది ఎక్స్చేంజి ద్వారానే పంపు. కానీ మొత్తం పంపొద్దు. చాయ్‌కి, సెలవు రోజు తిరగడానికి ఒక మొత్తం విడిగా పెట్టుకో. కడక్ చాయ్ ధరను ప్రతిసారీ రూపాయల్లోకి మారిస్తే గుటక దిగదు. ఏడాదంతా ఒక్క చాయ్ తాగకుండా మిగిల్చినవాడు పండగ రోజు గదిలో ఒంటరిగా ఏడవడం ఇక్కడ కొత్త కాదు. సరదాకు కేటాయించిన ఆ కొద్ది దిర్హాములే నిన్ను రెండేళ్లు నిలబెడతాయి. అప్పు తీరేది అట్లా నిలబడ్డవాడికే.

కొన్ని నెలలు గడిచాక నీ గదికి ఓ కొత్త కుర్రాడు సూట్‌కేసుతో వస్తాడు. పటాన్‌చెరువాడైనా, పాట్నావాడైనా, ఆ రాత్రి వాడికి అన్నం నువ్వే పెట్టు.

ఈ నంబర్లు ఫోన్లోనూ, ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకో: పోలీసు 999, అంబులెన్సు 998, అగ్నిమాపక దళం 997, భారత కాన్సులేట్ సహాయ కేంద్రం 800 46342.