అల్లుడూ, ఫోటోలు ఇలా పంపు

ఫహాహీల్, కువైట్

అల్లుడూ,

ఉద్యోగం కోసం ఇక్కడి కంపెనీకి పంపిన మెయిలు వెనక్కొచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాస్‌పోర్టు, ఐటీఐ సర్టిఫికెట్లు, వెల్డింగ్ జాయింట్ల ఫోటోలు అన్నీ తీసినవి తీసినట్టే ఒకే మెయిల్‌కు తగిలించావట. రాయచోటిలో నీ కొత్త ఫోన్‌లో బాగానే కనబడి ఉంటాయి. ఇక్కడ షువైబా, మినా అబ్దుల్లా వైపు కాంట్రాక్టు ఆఫీసుల్లో వాటిని తెరిచేది మాత్రం ఏ పాత కంప్యూటర్లోనో. ఏం పంపినా ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న గుమస్తాని తలుచుకుని పంపు.

ముందు బరువు సంగతి. ఈమెయిల్ మొదట్లో ఇంగ్లీషు అక్షరాలు మోయడానికే పుట్టింది. ఫోటోలు, పాటలు కూడా అందులో వెళ్లేలా నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు 1992లో ‘మైమ్’ అనే పద్ధతి తెచ్చారు. ఆ ఏడాది మార్చి 11న బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫోటోను, వాళ్లు పాడిన ముక్కను కలిపి పంపాడు. ఈ పద్ధతిలో ఫోటో అక్షరాలుగా మారి ప్రయాణిస్తుంది. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి కాబట్టి బరువు మూడో వంతు పెరుగుతుంది. ఇక్కడి కార్గో వాళ్లు అట్టపెట్టెతో కలిపి తూకం వేస్తారే, అలాగన్నమాట. జీమెయిల్ హద్దు 25 ఎంబీ అయినా, నీ ఫోటోలు 18 ఎంబీ దాటితే కష్టమే. అవతలి కంపెనీ సర్వర్ హద్దు ఇంకా చిన్నది కావచ్చు. హద్దు దాటితే జీమెయిల్ దాన్ని డ్రైవ్ లింకుగా మారుస్తుంది. ఆ లింకులను చాలా ఆఫీసులు తెరవనివ్వవు. నా లెక్క ఏమిటంటే, మెయిలు మొత్తం 5 ఎంబీ లోపు ఉంచు.

అలాగని గుడ్డిగా సైజు తగ్గించొద్దు అబ్బీ. ముందు కత్తిరించు, తర్వాత తగ్గించు. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 బై 3000 చుక్కలు. అందులో సగం మీ వరండా గచ్చే అయితే ఆ చుక్కలన్నీ దండగ. పాస్‌పోర్టు ఫ్రేమ్ నిండా వచ్చేలా, కిటికీ పక్కన, ఫ్లాష్ వేయకుండా తీయి. ఫ్లాష్ వేస్తే ప్లాస్టిక్ పొర మెరిసి నంబరు కనబడదు. అంచులు కత్తిరించి, పొడవు వైపు 2000 చుక్కలకు తగ్గించు. పేజీ అడుగున వరసకు 44 అక్షరాల చొప్పున రెండు వరసలుంటాయి. పెద్దది చేసి చూసినప్పుడు అవి తడుముకోకుండా చదవగలిగితే పాసైనట్టే. వెల్డింగ్ ఫోటోల్లోనూ అంతే. సూపర్‌వైజర్ చూసేది జాయింటు కుట్టునే కానీ నిన్ను కాదు.

మీ ఈడు పిల్లలు వాట్సాప్‌లో తమకు తామే పంపుకుని ఫోటోలు చిన్నవి చేస్తుంటారు. పెళ్లి ఫోటోలకు ఫరవాలేదు. సర్టిఫికెట్లకు వద్దు, చిన్న అక్షరాల అంచులు నలిగిపోతాయి.

నీ స్నేహితుడి ఐఫోన్‌తో తీసినవి వేరే గొడవ. 2017 నుంచి ఐఫోన్లు ‘హెయిక్’ అనే రకంలో దాచుకుంటున్నాయి. పాత విండోస్‌లో అవి తెరుచుకోవు. పేరు చివర ‘జేపీజీ’ అని రాసినంత మాత్రాన లోపలి సరుకు మారదు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుని మళ్లీ తీయమను.

ఫోటో అవతల పక్కకు పడుకుని కనబడితే కెమెరా చెడిపోలేదు. ఫోన్ చాలాసార్లు బొమ్మను తిప్పదు, ‘దీన్ని తిప్పి చూపించు’ అని లోపల ఒక గుర్తు రాస్తుందంతే. పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ గుర్తు పట్టదు. ఎడిటర్‌లో తెరిచి నిలబెట్టి మళ్లీ సేవ్ చేయి. ఆ గుర్తు పక్కనే మీ ఇల్లు ఎక్కడుందో కూడా రాసి ఉండవచ్చు. కెమెరాలో లొకేషన్ ఆపేయి.

పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ కలిపి ఒకే పీడీఎఫ్ చేయి. ఫైళ్లకు తెలుగులో కాక ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టు, కొన్ని పాత మెయిళ్లలో మన లిపి చుక్కలు, డబ్బాలుగా మారిపోతుంది. క్లిప్పు గుర్తు నొక్కి తగిలించు, మెయిలు మధ్యలో అతికించకు.

మధ్యలో ఏజెంటు ఎవడైనా ఉంటే, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ చూసేదాకా పాస్‌పోర్టు ఫోటో పంపొద్దు. ఈ విషయంలో మొహమాటపడకు.

అంతా సిద్ధమయ్యాక ముందు నీకే ఒక మెయిలు పంపుకుని, ఏదైనా నెట్ సెంటర్‌లో తెరిచి చూడు. పని కాగానే లాగౌట్ చేయడం మరవకు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. గురువారం సాయంత్రం పంపితే ఆదివారం పొద్దునకు అడుగున పడిపోతుంది. బుధవారం మధ్యాహ్నం లోపు పంపు.

మీ మామ