చదువుకొను బిడ్డల దిగులు

పఠనభాగములు: 1 రాజులు 19:1-9, 1 తిమోతి 5:23



మన వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో 2008వ సంవత్సరమునుండి ట్రిపుల్ ఐటీ నడచుచున్నది. పదవ తరగతి ముగించిన పిల్లలు అందులో చేరి, ఆరేండ్లు హాస్టలులోనే యుండి ఇంజనీరింగు చదివెదరు. తన పల్లె బడిలో మొదటివాడుగా నిలిచిన బిడ్డ అక్కడ అట్టి మొదటివారే వందలమంది కూర్చుండుట చూచును. తలిదండ్రులు చీనీతోటలో కూలి చేసి పంపిన రూపాయలు వాని తలమీద బరువుగా నుండును. కడపలో చదివినను తిరుపతిలో చదివినను ఇదే సంగతి.

ఇట్టి పిల్లలు మాయొద్దకు వచ్చినప్పుడు పరీక్షల మాట ఎత్తరు. దేహమునుగూర్చియే చెప్పుదురు. "అయ్యగారూ, గుండె దడదడ కొట్టుకుంటాంది, నాకేమన్నా గుండెజబ్బా?" అని అడుగుదురు. కడుపులో త్రిప్పుట, చేతులు వణకుట, నిద్ర పట్టకపోవుట కూడ చెప్పుదురు.

ఇవి కల్పనలు కావు. భయము కలిగినప్పుడు మూత్రపిండములమీదనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. అందుచేత గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి త్వరపడును, జీర్ణశక్తి మందగించును. పాము ఎదురైనప్పుడు పరుగెత్తుటకు ఇది మేలే. అయితే పరీక్ష ఎదుట పరుగెత్తుటకు చోటేది? బిడ్డ నాడి పట్టి చూచుకొనును. చూచుకొనుటచేతనే భయము హెచ్చును, నాడి మరింత వేగపడును. తరువాత అర్ధరాత్రి ఫోనులో రోగలక్షణములు వెదకును. అక్కడ తలనొప్పి అని అడిగినవానికి మెదడులో గడ్డవరకు అన్నియు కనబడును.

ఏలీయాను చూడుడి. యెజెబెలు బెదరింపు విని పారిపోయెను. దాసుని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి పోయి, బదరీవృక్షము క్రింద చావు కోరెను. కర్మెలుమీద నిలిచిన ప్రవక్తయే ఇతడు! దేవుడు అతనిని మొదట గద్దింపలేదు. దూత తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు లేపి తినిపించెను. ఇక్కడ నీకేమి పని అను ప్రశ్న హోరేబు చేరిన తరువాతనే వచ్చెను. మనమైతే ఆ ప్రశ్నతోనే ఆరంభింతుము.

తిమోతి యౌవనుడు, తరచుగా జబ్బుపడువాడు. పౌలు అతనికి విశ్వాసము చాలదని వ్రాయలేదు. కడుపునకు మందుగా కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనెను. (ఈ వచనమును సారాయికి సాకుగా పట్టుకొనువారు మన ఊళ్లలో లేకపోలేదు. అక్కడ చెప్పినది ఔషధము, అదియు కొంచెము.) కావున బిడ్డ దడ అని చెప్పినయెడల ప్రార్థించుడి, వైద్యునియొద్దకును తీసికొనిపోవుడి. రక్తహీనతచేతను థైరాయిడు దోషముచేతను గుండె దడ పుట్టవచ్చును. రక్తపరీక్షలో అవి తెలియును. అవసరమని వైద్యుడు చెప్పినయెడల ఇ.సి.జి. తీయించుడి. అన్నియు బాగుగా నున్నవని వైద్యుడు చెప్పిన తరువాత మాత్రము మరియొక ఊరు, మరియొక స్కానింగు అని తిరుగవద్దు. పరీక్ష జరిగిన ప్రతిసారి నాలుగు దినములు నెమ్మది, అయిదవ దినమున మరల అనుమానము. ఆపైన కావలసినది మానసిక వైద్యుని సలహా. పిచ్చివారే అక్కడికి పోవుదురనుట తప్పు.

అయితే పని చేయునప్పుడు ఛాతీ నొప్పి, స్పృహ తప్పుట, రెండు వారములు దాటిన దగ్గు లేక జ్వరము, కారణము లేక బరువు తగ్గుట, ఇవి కనబడినప్పుడు దిగులే అని ఊరకుండరాదు.

బిడ్డ చచ్చిపోవలెనని పలికినయెడల ఒంటరిగా విడువకుడి, సిగ్గుపడి దాచకుడి. 14416 అను నంబరుకు ఫోను చేయుడి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ అను సేవ అది. రూకలక్కరలేదు, రాత్రింబవళ్లు తెలుగులోను మాటలాడుదురు. ప్రాణాపాయము ఎదుటనే యున్నయెడల తిన్నగా ఆసుపత్రికే తీసికొనిపోవలెను.

విద్యార్థులారా, రాత్రి రెండు గంటలవరకు టీ త్రాగుచు చదివినది ఉదయమునకు నిలువదు. దడ వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా లోనికి తీసి, అంతకంటె మెల్లగా విడువుడి. కొన్ని నిమిషములు అట్లు చేయుడి. ఒక సబ్జెక్టు పోయినయెడల ఇంటికి దాచక చెప్పుడి.

తలిదండ్రులారా, ఈ ఆదివారము ఫోను చేసినప్పుడు మార్కులమాట ఎత్తకుడి. అన్నము తింటివా, రాత్రి నిద్రపట్టెనా అని అడిగి, వాడు చెప్పునది ముగియువరకు వినుడి.