ముల్కీ అనగా ఎవరు? – వలస, ఆదరణ, కలయిక

తాండూరులో పుట్టి, తాండూరు విడిచి ఎన్నడును పోని ఒక వృద్ధుని ఊహింతము. ఆయన పుట్టిననాడు ఆ ఊరు నిజాము సంస్థానములోని గుల్బర్గా జిల్లాకు చెందినది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోగా, తాండూరు, కొడంగల్ తాలూకాలు మాత్రము ఆంధ్ర ప్రదేశమున చేరినవి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినది. 2014లో తెలంగాణ రాష్ట్రము, 2016లో వికారాబాదు జిల్లా వచ్చినవి. ఆ వృద్ధుడు ఇల్లు మారలేదు, పొలము మారలేదు, కాని ఆయన రాష్ట్రము, జిల్లా పలుమార్లు మారినవి. మనుష్యులు ఎల్లలు దాటుట మనకు తెలిసిన విషయమే. ఎల్లలే మనుష్యులను దాటిపోవుటయు చరిత్రలో కలదని మన ప్రాంతము చెప్పుచున్నది.

కావున “ఈ నేలకు చెందినవాడెవడు, పరాయివాడెవడు?” అను ప్రశ్న మనకు పుస్తకములలోని ప్రశ్న కాదు. ఈ ప్రశ్నకు హైదరాబాదు రాజ్యము ఏమి సమాధానము చెప్పినదో, దూరదేశమైన అమెరికా క్యూబా వలసదారుల విషయమున ఏమి చెప్పినదో పోల్చి చూచుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

సాలార్ జంగు కాలము

మొదటి సాలార్ జంగు 1853లో హైదరాబాదు దివానై 1883లో మరణించువరకు ఆ పదవిలో నున్నాడు. అప్పులతో కుంగియున్న రాజ్యమును చక్కదిద్దుటకు ఆయనకు క్రొత్త చదువు చదివినవారు కావలసివచ్చిరి. అట్టివారు స్థానికముగా తగినంతమంది లేకపోవుటచే ఉత్తర హిందూస్థానమునుండి రప్పించినాడు. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, మొహసిన్ ఉల్ ముల్కు, వికార్ ఉల్ ముల్కు మొదలగువారు ఆ విధముగ వచ్చినవారే. వంగదేశమునుండి అఘోరనాథ చటోపాధ్యాయుడు వచ్చి ఇచట ఆధునిక విద్యకు పునాదులు వేసినాడు. ఆయన కుమార్తె సరోజినీదేవి 1879లో హైదరాబాదులోనే జన్మించినది. వంగ దంపతులకు పుట్టి, తెలుగు వానిని వివాహమాడి, ఆంగ్లమున కవిత్వము చెప్పి, హైదరాబాదునే తన ఊరనుకొన్న ఆమెను గైర్ ముల్కీ అని ఎవరనగలరు?

అయితే వచ్చినవారికి దొరికిన ఆదరణ ఉచితముగా రాలేదు. ఉన్నతోద్యోగములు, పెద్ద జీతములు వారికి దక్కినవి. 1880వ దశకమున పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాష అగుటతో హిందూస్థానీలకు మరింత వెసులుబాటు కలిగినది. తరతరములుగా ఇచటనున్న దక్కనీ కుటుంబముల వారికి ఇది కంటగింపైనది. “ముల్కీ”, “గైర్ ముల్కీ” అను మాటలు అప్పటినుండి బలపడినవి. “ముల్కు” అనగా దేశము, ముల్కీ అనగా దేశీయుడు. 1935లో ఏర్పడిన నిజాము ప్రజల సంఘము “హైదరాబాదు హైదరాబాదీలకే” అను భావమును ప్రచారము చేసినది.

ఇచట ఒక మాట మరువరాదు. సంస్థాన ప్రజలలో సుమారు సగము మంది మాతృభాష తెలుగు. వారందరును జన్మచేత ముల్కీలే. కాని కచేరీలో వారి భాషకు చోటు లేదు. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగినది. ఒక భారతీయ భాషకు విశ్వవిద్యాలయ స్థాయి దక్కుట గొప్ప విషయమే. అయినను పల్లెటూరి తెలుగు రైతు కుమారునికి ఆ ద్వారము దూరమైనది. ముల్కీ, గైర్ ముల్కీ వివాదము చాలవరకు చదువుకొన్నవారి మధ్య ఉద్యోగముల కొరకు జరిగిన వివాదము. హక్కు కాగితముపై నుండుట వేరు, దానిని అనుభవించుటకు దారి యుండుట వేరు.

పదునైదేండ్లు, ఒక ప్రమాణము

1919లో ఏడవ నిజాము ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడినవి. వాటి ప్రకారము సంస్థాన ప్రజగా జన్మించినవాడు ముల్కీ. తాను పుట్టునాటికి తండ్రి పదునైదేండ్ల ప్రభుత్వ సేవ పూర్తిచేసి ఉద్యోగములో నున్నచో ఆ బిడ్డయు ముల్కీయే. ముల్కీని పెండ్లాడిన స్త్రీయు ముల్కీయే. పరదేశియు ముల్కీ కావచ్చును. అందుకు పదునైదేండ్లు ఇచట స్థిరనివాసముండవలెను, పూర్వపు ఊరికి మరలిపోవు తలంపును విడిచిపెట్టవలెను, ఆ సంగతిని మేజిస్ట్రేటు ధ్రువీకరించిన హలఫ్‌నామాతో రుజువు చేయవలెను.

ఈ నిబంధనలో మతము అడుగలేదు, కులము అడుగలేదు, భాషయు అడుగలేదు. అడిగినది కాలమును, మనస్సును. కాలమును లెక్కింపవచ్చును. మనస్సును హలఫ్‌నామా కొలువగలదా? మరలిపోవు తలంపును విడిచినానని వ్రాసియిచ్చినవాడు పండుగనాడు తన పాత ఊరిని తలచుకొని కంటతడి పెట్టినచో అది ప్రమాణభంగమగునా? కాదని మా అభిప్రాయము. పుట్టినచోటిని ప్రేమించుట, బ్రతుకుచున్నచోటికి ద్రోహము కాదు.

హైదరాబాదులోని బార్కస్ ఇందుకు సాక్ష్యము. “బారక్స్” అను సైనిక నివాసముల పేరే జనుల నోట బార్కస్ అయినది. దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుండి నిజాము కొలువునకు సిపాయిలుగా వచ్చినవారి సంతతి అచట నున్నది. 1948 సెప్టెంబరులో సైనిక చర్య ముగిసి సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట వారి సైనిక వృత్తి పోయినది, వారిని విదేశీయులుగా అనుమానించిన దినములును వచ్చినవి. ఇచటనే పుట్టిన వారికి తిరిగిపోవుటకు వేరొక ఊరు ఎక్కడిది? వారు నిలిచినారు. దక్కనీ ఉర్దూ మాటాడుచు, వ్యాపారములు చేసికొనుచు హైదరాబాదీలైనారు.

క్యూబా వలసదారులు

1959 జనవరిలో క్యూబాలో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వమున విప్లవము జయించినది. ఆస్తులు పోయినవారు, ఆ ప్రభుత్వమును అంగీకరింపనివారు సముద్రము దాటి సమీపమునగల అమెరికాలోని ఫ్లోరిడా చేరినారు. 1966లో అమెరికా వారికొరకు ప్రత్యేక చట్టము చేసినది. 1959 జనవరి 1 తరువాత అనుమతితో ప్రవేశించి రెండేండ్లు ఉన్న క్యూబనుడు శాశ్వత నివాసమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. పిమ్మట ఆ గడువు ఒక్క సంవత్సరమునకు తగ్గినది. 1980లో మారియెల్ రేవునుండి కొలది మాసములలోనే సుమారు 1,25,000 మంది వచ్చినారు. 1995 నుండి మరియొక పద్ధతి నడచినది. సముద్రముపై చిక్కినవానిని వెనుకకు పంపెడివారు, నేలపై పాదము మోపినవానిని ఉండనిచ్చెడివారు. 2017 జనవరి 12న ఆ పద్ధతిని రద్దు చేసినారు.

ఇంతటి ఆదరణ క్యూబనులకే ఏల? అమెరికాకు కమ్యూనిస్టు రాజ్యములతో వైరముండెను. అట్టి రాజ్యమునుండి పారిపోయి వచ్చిన ప్రతివాడును ఆ రాజ్యమునకు వ్యతిరేకముగ సాక్షి. అదే సముద్రముమీద, అదే విధమైన పడవలలో వచ్చిన హైతీ దేశపు బీదలను మాత్రము 1981 నుండి నడిసముద్రముననే అడ్డగించి వెనుకకు పంపుచు వచ్చినారు. ఆకలి ఒక్కటే, అల ఒక్కటే, చట్టము మాత్రము రెండు. నేడు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు యువకులు కూడ ఈ భేదమును ఎరుగుదురు. 1990 నాటి చట్టము ప్రకారము శాశ్వత నివాసపు అనుమతులలో ఏ ఒక్క దేశమునకును ఏటా నూటికి ఏడు వంతులకు మించి సామాన్యముగా దక్కవు. జనసంఖ్య అధికమైన భారతదేశము వారు అందుచేత ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది.

సాలార్ జంగు హిందూస్థానీలను పిలిచినది వారిమీది దయచేత కాదు, రాజ్యమునకు వారి అవసరముండుటచేత. అమెరికా క్యూబనులను చేరదీసినదియు అట్లే. ప్రభుత్వపు ప్రత్యేకాదరము తరచుగా ప్రభుత్వపు అవసరమునకు మరియొక పేరు. అవసరము తీరినపుడు ఆదరము తగ్గును. ద్వారము తెరచినవాడు దానిని మూయగలడు.

అయితే క్యూబనులు కలిసిపోయినారా? మియామీ నగరమున వారు స్పానిష్ భాషను విడువలేదు. ఆ నగరమున్న డేడ్ కౌంటీ 1973లో రెండు భాషలను అంగీకరించినది. 1980లో స్థానికులు ఆగ్రహించి ఓటుచేసి ఆ సదుపాయమును తొలగించినారు. 1993లో ఆ నిషేధము తొలగిపోయినది. ఈ నడుమ 1985లోనే క్యూబాలో పుట్టిన వ్యక్తి మియామీ నగర మేయరైనాడు. అనగా భాషను విడువకయే వారు నగరమున భాగస్వాములైనారు. కలయిక అనగా కరగిపోవుట కాదు.

నిబంధన మారిన విధము

మన చరిత్రకు మరలుదము. “ముల్కీ” అను మాట నిలిచియుండగా దాని గురి మారినది. 1952లో వరంగల్లులో ఆరంభమై హైదరాబాదుకు వ్యాపించిన విద్యార్థుల ఉద్యమము, విలీనమునకు పిమ్మట బయటినుండి వచ్చిన ఉద్యోగులకు వ్యతిరేకముగా సాగినది. సెప్టెంబరులో సిటీ కళాశాల వద్ద పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందము తెలంగాణకు రక్షణలు చెప్పినది. అవి సరిగా అమలు కాలేదను ఆవేదన 1969లో మహోద్యమమైనది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా ఆంధ్ర ప్రాంతమున ఉద్యమము లేచినది. తుదకు 1973 నాటి రాజ్యాంగ సవరణచే 371–డి అధికరణము, 1975లో రాష్ట్రపతి ఉత్తరువు వచ్చి ముల్కీ నిబంధనల స్థానమున నిలిచినవి.

ఆ ఉత్తరువులో విద్యార్థులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. స్థానికుడెవడని నిర్ణయించుటకు ముఖ్యమైన కొలమానముగా అది చదువును తీసికొన్నది. అర్హత పరీక్ష వ్రాసిన సంవత్సరమువరకు వరుసగా నాలుగు విద్యాసంవత్సరములు ఆ ప్రాంతమున చదివినవాడు స్థానికుడు. 1919లో పదునైదేండ్లు, ఒక హలఫ్‌నామా. 1975లో నాలుగేండ్లు, ఒక బడిబల్ల. తండ్రి ఎచటనుండి వచ్చినాడని కాక, బిడ్డ ఎచట చదివినాడని అడుగుట మాకు న్యాయముగ తోచుచున్నది. స్థానికులకు రక్షణయు నిలుచును, వచ్చినవారి బిడ్డలకు దారియు మూయబడదు.

మన కర్తవ్యము

నేడు తాండూరు నాపరాళ్ల గనులలో, పాలిషింగు యంత్రముల వద్ద, పప్పు మిల్లులలో ఇతర రాష్ట్రముల కూలీలు పనిచేయుచున్నారు. వారికి సాలార్ జంగు పిలుపు లేదు, క్యూబనులకున్న చట్టము లేదు. వారి బిడ్డలు బడికి పోయినచో రేపటి స్థానికులు, పోనిచో ఎచటి లెక్కలోను చేరరు. ఆ బిడ్డ మన ప్రక్క బల్లమీద కూర్చున్నప్పుడు “నీది ఏ ఊరు?” అని మనమడుగు స్వరములోనే అతని భవిష్యత్తు కొంత యున్నది.

మన వికారాబాదు పేరే పాయిగా ప్రభువుల వికారుల్ ఉమ్రా బిరుదమునుండి వచ్చినది. ఆ వంశము వారు తమ మూలపురుషుడు పంజాబు నేలకు చెందిన బాబా ఫరీదు అని చెప్పుకొనెడివారు. వచ్చినవారి పేరే ఊరి పేరై, ఆ పేరు మన చిరునామాయై నిలిచినది.

విద్యార్థి మిత్రులారా! స్థానికుడు తన హక్కును కోరుట ద్వేషము కాదు, వచ్చినవాడు తన భాషను నిలుపుకొనుట ద్రోహము కాదు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పుక్రింద చదువుచున్న మనకు ఈ సత్యము ఎవరో బోధింపనక్కరలేదు. ముల్కీ అనగా ఎవరను ప్రశ్నకు మా సమాధానమిది: ఈ నేల కష్టమును తన కష్టముగా తలచి, దాని మేలుకొరకు పనిచేయువాడు ముల్కీ. అట్టివానికి చోటు చూపుట మన అందరి విధి.