పైకప్పు ట్రస్సు – నిలబెట్టేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడంలో ఖర్చే కాదు, పనిచేసేవారి ప్రాణాలు కూడా ముడిపడి ఉంటాయి. మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామంది ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు వడ్రంగి పనికో, కట్టుబడి పనికో వెళ్తుంటారు. సెలవుల్లో మనలో కొందరం వారి వెంట వెళ్తాం. అందుకే సివిల్ చదువుతున్న మేము ఈ పాఠాన్ని ఎంచుకున్నాం.

ట్రస్సు అంటే ఏమిటి?

పెంకుటిళ్ళలో, పాత బడుల్లో, గోదాముల్లో తలెత్తి చూస్తే కనిపించే త్రికోణాకారపు కర్రల చట్రమే ట్రస్సు. నడుమ ఒకే నిలువు కర్ర ఉంటే కింగ్ పోస్ట్ ట్రస్సు అంటారు. ఇది సుమారు 5 నుంచి 8 మీటర్ల వెడల్పుకు సరిపోతుంది. రెండు నిలువు కర్రలుండే క్వీన్ పోస్ట్ ట్రస్సు 8 నుంచి 12 మీటర్ల వరకు వాడతారు.

పెంకుల బరువుకు రెండు వాలు కర్రల కాళ్ళు బయటికి జరగాలని చూస్తాయి. అడుగు కర్ర వాటిని లాగిపట్టి ఉంచుతుంది. నడిమి కర్ర స్తంభంలా బరువు మోయదు. అడుగు కర్ర కుంగకుండా పైనుంచి పట్టుకుంటుంది.

అయితే ఈ బలమంతా ట్రస్సు నిలువుగా ఉన్నప్పుడే. పక్కకు అది చాలా బలహీనం. కాబట్టి ఎత్తినప్పటి నుంచి గట్టిగా బిగించేదాకా ఉన్న సమయమే అన్నిటికన్నా ప్రమాదకరం.

పాటించవలసినవి

1. ట్రస్సును పడుకోబెట్టి నడుమ ఒక్కచోటే పట్టి ఎత్తరాదు. వంగి అతుకులు వదులవుతాయి. నిలువుగా ఉంచి, రెండు చోట్ల తాళ్ళు కట్టి ఎత్తాలి. ఊగకుండా చివర మరో తాడు కట్టి కిందినుంచి ఒకరు పట్టుకోవాలి.

2. ఈదురుగాలిలో, కరెంటు తీగల దగ్గర ఎత్తరాదు. ట్రస్సు కింద ఎవరూ నిలబడరాదు. హెల్మెట్ తప్పనిసరి.

3. మొదటి ట్రస్సుకు గుండు వేసి నిలువు చూసి, ఊతకర్రలతో నేలకు గట్టిగా బిగించాలి. మిగతావన్నీ దాన్ని నమ్ముకునే నిలుస్తాయి.

4. తర్వాతి ట్రస్సును ముందుదానికి బద్దలతో కట్టాకే ఎత్తిన తాడు విప్పాలి.

5. అడ్డబద్దలు మాత్రమే చాలవు, ఏటవాలు బద్దలు కూడా కొట్టాలి. లేకుంటే ఒకటి ఒరిగితే వరుసంతా ఒరుగుతుంది.

6. బద్దలన్నీ బిగించాకే పెంకులు ఎక్కించాలి. వాటిని ఒకేచోట గుట్ట పోయకుండా రెండు వాలులమీదా సమంగా పరచాలి.

అయిదో అంశం మీరే పరీక్షించవచ్చు. నాలుగు పుల్లలను మూలకో మేకుతో చతురస్రంగా కొట్టి తోయండి, వాలిపోతుంది. మూల నుంచి మూలకు ఐదో పుల్ల కొట్టండి, ఇక కదలదు. చతురస్రం రెండు త్రికోణాలైంది!

మిత్రులారా! తాత్కాలికమే కదా అని వదిలేసే ఆ బద్ద ఖరీదు చాలా తక్కువ. ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పుల్లల ప్రయోగాన్ని నాన్నకో, అన్నకో చేసి చూపండి. ఇంజనీర్లు, మేస్త్రీలు అయిన మా పూర్వ విద్యార్థులు అంచనాలు వేసేటప్పుడు ఈ బద్దలకూ, అవి కొట్టే సమయానికీ చోటివ్వాలని కోరుతున్నాం. పైకి ఎక్కినవారంతా క్షేమంగా దిగితేనే ఆ పని పూర్తయినట్టు.