పాలు పడని పసివాడు

తెలుగువారి భోజనం పప్పుతో మొదలై మజ్జిగతో ముగుస్తుంది. అన్నప్రాశననాడు శిశువు నోటికి అందించే తొలి ముద్ద పాయసమే. అటువంటి ఇంట పాలు పడని బిడ్డ ఉంటే తల్లిదండ్రులకు ప్రతిపూటా పరీక్షే.

పాలలోని కేసిన్ మొదలైన మాంసకృత్తులను శరీర రక్షణ వ్యవస్థ శత్రువులుగా భ్రమించడమే ఈ అలర్జీకి మూలం. పాలలోని చక్కెర జీర్ణం కాకపోవడం వేరు. అది ఉదరబాధతో పోతుంది. ఇది దద్దుర్లు, వాంతులతో మొదలై ఊపిరాడని స్థితికి చేర్చవచ్చు. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ సూదిమందు. ఆవుపాలు పడకుంటే మేకపాలు పట్టమని ఇరుగుపొరుగువారు చెబుతారు. మేక, గేదె పాలలోని మాంసకృత్తులు కూడా ఆ పోలికవే కనుక అది ప్రమాదకరమైన సలహా. నేతిలో సైతం వాటి లేశం మిగిలి ఉండవచ్చు.

మజ్జిగలో ముంచిన గరిటె ఆ బిడ్డ పప్పులో పెట్టరాదు. పొట్లాలలో అమ్మే ఆహారంలో పాలు ఉంటే ఆ సంగతి ముద్రించాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మిఠాయి దుకాణంలో తూచి ఇచ్చే లడ్డుకు ఆ చీటీ ఉండదు. కాల్షియం కొరకు రాగిజావ, నువ్వులు ఆదుకుంటాయి.

వంట కంటె బంధువులను ఒప్పించడమే కష్టం. "ఒక్క చెంచా పెరుగుకు ఏమవుతుందమ్మా?" అని అమ్మమ్మ ప్రేమగానే అడుగుతుంది. ఇక్కడ మర్యాద కంటె మొండితనమే మేలు. పలువురు పిల్లలకు ఎదిగేకొద్దీ ఈ బాధ తొలగుతుంది. తొలగినదో లేదో తేల్చవలసినది వైద్యుని సమక్షంలోనే. అంతవరకు పెళ్ళిపందిట్లో విస్తరి ముందు కూర్చున్న ఆరేళ్ళవాడు వడ్డించే చేతిని ఆపి, "ఇందులో పాలున్నాయా అండీ?" అని అడుగుతూనే ఉంటాడు.